బాల నేరస్థుల చట్టం అడుగుతున్న ప్రశ్నలకు జవాబులేవీ?

మైనర్ చేతిలో ఘోరం జరిగిన ప్రతిసారీ మన దగ్గర ఒకే ప్రశ్న లేస్తుంది. పెద్దవాళ్లు చేసే నేరం చేసినవాడికి పెద్దవాళ్లకు వేసే శిక్ష ఎందుకు వేయరు? 2012 డిసెంబర్ 16 నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత దేశమంతా ఇదే అడిగింది. 2022 మే నెలలో జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసులో ఆరుగురు నిందితుల్లో ఐదుగురు మైనర్లని తేలినప్పుడు మన జంటనగరాలు అడిగాయి. 2024 మేలో పుణెలో పదిహేడేళ్ల బాలుడు నడిపిన పోర్షే కారు ఇద్దరు యువ ఇంజనీర్లను బలితీసుకుంటే, బెయిలు షరతుగా మూడు వందల పదాల వ్యాసం రాయమన్నారని తెలిసి జనం మండిపడ్డారు. 2025 ఆగస్టులో కూకట్‌పల్లిలో క్రికెట్ బ్యాట్ దొంగిలించడానికి పక్కింట్లోకి చొరబడిన పద్నాలుగేళ్ల పదో తరగతి విద్యార్థి, ఇంట్లో ఒంటరిగా ఉన్న బాలికను పొడిచి చంపాడని పోలీసులు ప్రకటించినప్పుడు ఆ ప్రశ్న ఇంకా పదునెక్కింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు అలా అడగడంలో తప్పేమీ లేదు. అయితే టీవీ చర్చల్లోనూ చట్టసభల్లోనూ మాట ఎంతసేపూ పదహారా, పద్దెనిమిదా అన్న దగ్గరే ఆగిపోతోంది. ఆ పిల్లాడు ఎలాంటివాడు, ఏ ఇంటినుంచి, ఏ బడినుంచి, ఏ స్నేహాలనుంచి అక్కడిదాకా వచ్చాడు అన్నది తెలుసుకోమని చట్టమే చెబుతోంది. ఆ పని మాత్రం ఎవరూ సరిగా చేయడం లేదు. శిక్ష ఎంత ఉండాలన్న తగువు దాని తర్వాతే రావాలి.

ఈ వయసు రేఖ మన దగ్గర ఎన్నడూ స్థిరంగా లేదు. దేశంలో తొలి బాలల చట్టం తెచ్చింది మద్రాసు ప్రెసిడెన్సీ, 1920లో. 1986 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం మగపిల్లలకు పదహారు, ఆడపిల్లలకు పద్దెనిమిది ఏళ్లను హద్దుగా పెట్టింది. 2000లో ఇద్దరికీ పద్దెనిమిది చేశారు. ఢిల్లీ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ వయసు తగ్గించవద్దని 2013 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అయినా ప్రజాగ్రహం ముందు పార్లమెంటు మధ్యేమార్గం వెతుక్కుంది. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, కనీసం ఏడేళ్ల శిక్ష పడే నేరం చేసిన పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వారిని మేజర్ల మాదిరిగా విచారించాలా వద్దా అన్నది జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమికంగా అంచనా వేయాలి. పదిహేనో సెక్షన్ ఇందుకు చూడమన్నవి ఇవీ: నేరం చేయగల శారీరక, మానసిక సామర్థ్యం, పర్యవసానాలను అర్థం చేసుకునే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు. జూబ్లీహిల్స్ కేసులో నలుగురిని మేజర్లుగా విచారించాలని బోర్డు 2022 సెప్టెంబర్‌లో తేల్చింది. పుణె కేసులో అదే కోరిన పోలీసుల అభ్యర్థనను అక్కడి బోర్డు 2025 జులైలో తోసిపుచ్చింది. కూకట్‌పల్లి బాలుడికి పద్నాలుగేళ్లే కాబట్టి ఆ ప్రశ్నే రాదు. నేరం రుజువైనా గరిష్ఠంగా మూడేళ్లు స్పెషల్ హోంలో ఉంచడమే.

ముందు అంకెల సంగతి చూద్దాం. పిల్లల నేరాలు దేశంలో ఉప్పెనలా పెరుగుతున్నాయన్న భావన బలంగా ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు అలా చెప్పవు. 2016లో మైనర్లపై దేశవ్యాప్తంగా 35,849 కేసులు నమోదైతే, 2022లో 30,555, 2023లో 31,365. మొత్తం నేరాల్లో వీటి వాటా ఒక శాతం లోపే. అందులోనూ దొంగతనాలు, ఇళ్లలో చోరీలు, కొట్లాటలదే పెద్ద భాగం. మన జ్ఞాపకంలో నిలిచిపోయే హత్యలు, అత్యాచారాలు కొన్నే. 2023లో పట్టుబడిన సుమారు నలభై వేల మందిలో 79 శాతం పదహారు, పద్దెనిమిదేళ్ల మధ్యవారు. ఎనభై శాతానికి పైగా తల్లిదండ్రుల దగ్గరే ఉంటున్నవారు. నేరం చేసే పిల్లాడంటే దిక్కూమొక్కూ లేని వీధి బాలుడేనన్న ఊహను ఈ ఒక్క లెక్క కొట్టేస్తుంది. ఇల్లుంది, అమ్మానాన్నలున్నారు, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు. కుటుంబ ఆదాయం వివరాలు కూడా ప్రచురించిన 2013 నివేదికలో పట్టుబడిన మైనర్లలో సగం మంది ఏడాదికి పాతికవేల రూపాయల లోపు రాబడి ఉన్న ఇళ్లవారు; సగం మంది చదువు ప్రాథమిక స్థాయి దాటలేదు. అయితే ఇవి నేరం చేసినవారి లెక్కలు కావు, పట్టుబడినవారి లెక్కలు. పోలీసుల కన్ను పేద బస్తీ మీద ఉన్నంతగా గేటెడ్ కాలనీ మీద ఉండదు. పేదరికమే నేరానికి తల్లి అని ఈ లెక్కల నుంచి తేల్చేవాళ్లు జూబ్లీహిల్స్‌నూ పుణెనూ ఒకసారి గుర్తుచేసుకోవాలి.

సికింద్రాబాద్‌లో నిలబడి చూస్తే ఈ పిల్లల్లో ఎన్ని రకాలున్నారో తెలుస్తుంది. ఇక్కడి రైల్వే స్టేషన్ ఇంటినుంచి పారిపోయి వచ్చే పిల్లలకు దశాబ్దాలుగా తొలి మజిలీ. వాళ్లను ఆర్పీఎఫ్ సిబ్బందో స్వచ్ఛంద సంస్థలవాళ్లో ప్లాట్‌ఫాం మీదే గుర్తించి బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళితే కథ ఒక దారిన నడుస్తుంది. వాళ్ల కంటే ముందు మరో పెద్ద మనిషి కంటపడితే దారి వేరు. సీసాలు ఏరడం, భోలక్‌పూర్ వైపు పాతసామాను గోదాములకు అమ్మడం, ఆకలి తెలియకుండా పంక్చర్ సొల్యూషన్ గుడ్డలో పోసి పీల్చడం, ఆ మత్తు కోసం సెల్‌ఫోన్ కొట్టేయడం, కొట్టేసిన ఫోన్‌ను సగం ధరకు కొనేవాడు సిద్ధంగా ఉండటం వరసగా జరిగిపోతాయి. ఇది బతుకుతెరువు నేరం. బస్తీలో ఇంటిపట్టునే ఉండి తొమ్మిదో తరగతిలో బడి మానేసి, వయసులో పెద్దవాళ్ల ముఠాతో తిరిగే కుర్రాడిది ఇంకో రకం. డబ్బూ కారూ ఫోనూ అన్నీ ఉండి, అడ్డు చెప్పే పెద్దలు మాత్రం లేని ఇంటి పిల్లాడిది మరో రకం. ఇక ఎవరికీ ఏ అనుమానమూ రాకుండా బడికెళుతూ, మార్కులు తెచ్చుకుంటూ, లోపల ఏదో ముదిరిపోతున్న పిల్లాడిని గుర్తించడం అన్నిటికంటే కష్టం. నలుగురికీ ఒకే మందు పనిచేయదు.

మనస్తత్వ శాస్త్రం కూడా ఈ తేడాను పట్టుకుంది. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లలను పుట్టుక నుంచి గమనిస్తూ వచ్చిన అధ్యయనం ఆధారంగా టెర్రీ మాఫిట్ 1993లో రెండు దారులను గుర్తించారు. ఒకటి కౌమారంలో మొదలై కౌమారంతోనే ముగిసేది. తప్పుదారి పట్టే కుర్రాళ్లలో అత్యధికులు ఈ కోవకే చెందుతారు. ఉద్యోగం, పెళ్లి, బాధ్యత వచ్చేసరికి వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు. రెండోది మూడు నాలుగేళ్ల వయసులోనే మొండితనం, దూకుడు, నేర్చుకోవడంలో ఇబ్బందులుగా కనిపించి జీవితమంతా సాగేది, వీళ్లు కొద్దిమందే. అమెరికాలోని ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ నగరాల్లో తీవ్ర నేరాలు చేసిన 1,354 మంది మైనర్లను ఏడేళ్లపాటు వెంటాడి చూసిన ‘పాత్‌వేస్ టు డెసిస్టెన్స్’ అధ్యయనంలోనూ, పెద్ద ఎత్తున నేరాలు కొనసాగించినవాళ్లు పది శాతం లోపే. హోంలో ఎక్కువ కాలం ఉంచినంత మాత్రాన మళ్లీ నేరం చేయడం తగ్గలేదన్నది ఆ అధ్యయనం తేల్చిన మరో విషయం. మొదటి రకం పిల్లాడిని రెండో రకం వాడితో కలిపి ఒకే గదిలో ఏళ్లతరబడి ఉంచితే ఎవరు ఎవరికి పాఠం చెబుతారో ఊహించడం కష్టం కాదు.

పదిహేనో సెక్షన్‌లోని ‘పర్యవసానాలను అర్థం చేసుకునే శక్తి’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. పదహారేళ్ల కుర్రాడిని నిదానంగా కూర్చోబెట్టి, చంపడం తప్పా కాదా, పట్టుబడితే ఏమవుతుంది అని అడిగితే పెద్దవాళ్లలాగే జవాబు చెబుతాడు. లారెన్స్ స్టైన్‌బర్గ్ వంటి పరిశోధకులు చూపించింది ఇదే: తర్కించే తెలివి పదహారేళ్లకు దాదాపు పెద్దల స్థాయికి చేరుతుంది. ఉద్రేకంలో తనను తాను ఆపుకోవడం, తోటివాళ్ల ముందు వెనక్కి తగ్గడం, రేపటిని ఈరోజు కంటే బరువుగా తూచడం మాత్రం ఇరవై దాటాక గానీ కుదురుకోవు. మైనర్లు నేరం చేసేది చాలావరకు గుంపులో. వాడికి తప్పని తెలుసా అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడూ అవుననే వస్తుంది కనుక ఆ ప్రశ్నతో ఏదీ తేలదు. ఆ క్షణంలో ఆగగలిగేవాడా అన్నదే అడగాలి. గుంపు ప్రభావం పద్దెనిమిది నిండగానే మాయమైపోదని 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లోనే చూశాం. సైన్యంలో చేరాలని ఏళ్లుగా పరుగులు పెట్టి సిద్ధమైన కుర్రాళ్లు అగ్నిపథ్ ప్రకటనతో రగిలిపోయి, వాట్సాప్ సందేశాలతో పోగై రైలు బోగీలకు నిప్పు పెట్టారు. ఒక యువకుడి ప్రాణం పోయింది, ఎందరో కేసుల్లో ఇరుక్కున్నారు. వాళ్లలో ఎక్కువమంది విడివిడిగా ఉంటే అగ్గిపుల్ల గీసేవాళ్లు కారు.

అలాగని మెదడు ఎదగలేదన్న వాదననే పట్టుకుని అన్నీ మాఫీ చేయమనడం సరికాదు. అదే వయసు, అదే మెదడు ఉన్న కోట్లమంది పిల్లలు ఎవరినీ కొట్టరు, చంపరు. కాబట్టి శరీరశాస్త్రం సగమే చెబుతుంది. మిగతా సగం ఆ పిల్లాడి చుట్టూ ఉన్న మనుషుల్లో వెతకాలి. దానికి చట్టమే ఒక సాధనం ఇచ్చింది: 2016 నిబంధనల్లోని ఆరో ఫారం, ప్రొబేషన్ అధికారి రాయాల్సిన సామాజిక విచారణ నివేదిక. దాన్ని చదివితే ఎంత ఆలోచించి తయారు చేశారో అనిపిస్తుంది. బడి ఎందుకు మానేశావు అన్న ఒక్క ప్రశ్న కిందే ఎన్నో గడులున్నాయి: చివరి తరగతిలో తప్పడం, ఉపాధ్యాయుల నిర్లక్ష్యం, తోటివాళ్ల ప్రభావం, ఇల్లు గడపడానికి సంపాదించాల్సి రావడం, తల్లిదండ్రులు హఠాత్తుగా చనిపోవడం, బడిలో అవమానం, దెబ్బలు, చివరికి బోధనా మాధ్యమం కూడా. స్నేహితులు తనకంటే పెద్దవాళ్లా, మత్తుకు అలవాటు పడ్డవాళ్లా అని ఉంది. ఇంట్లోనో బయటో ఎవరైనా హింసించారా, ఏదైనా ముఠా వాడుకుందా అని ఉంది. బాలుడి మనస్తత్వం, సామాజిక నేపథ్యం తెలియాలంటే ఇంతకంటే మంచి ప్రశ్నాపత్రం అక్కర్లేదు. కానీ దాన్ని రెండు వారాల్లో పూర్తిచేయాలి. పదుల కేసులు నెత్తిన ఉన్న ఒక అధికారి, ఒకసారి తల్లితో మాట్లాడి, గడుల్లో టిక్కులు పెట్టి పంపితే అది విచారణ కాదు. ఆ కాగితం మీదే పిల్లాడికి బెయిలు, సంరక్షణ ప్రణాళిక, పదిహేనో సెక్షన్ అంచనా, అన్నీ ఆధారపడతాయి.

‘బోధనా మాధ్యమం’ అన్న గడి దగ్గర నా మనసు ఆగిపోతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో తొమ్మిదో తరగతికి వచ్చేసరికి పుస్తకం చదివి అర్థం చేసుకోలేక వెనకబడిపోయే పిల్లలెందరో ఏ ఉపాధ్యాయుడిని అడిగినా చెబుతారు. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్లు నిండగానే చేయి వదిలేస్తుంది. పదహారు నిండగానే శిక్షాస్మృతి చేయి పట్టుకుంటుంది. మధ్యలో ఆ రెండేళ్లు పిల్లాడు ఎక్కడున్నాడో చెప్పగల రిజిస్టరు ఏదీ లేదు. పట్టుబడేవారిలో నూటికి దాదాపు ఎనభై మంది పదహారు దాటినవాళ్లే కావడాన్ని ఈ ఖాళీతో కలిపి చూడాలి. నేరాలు తగ్గించాలని నిజంగా ఉంటే విద్యాహక్కును పద్దెనిమిదేళ్ల దాకా పొడిగించడం కంటే పెద్ద సంస్కరణ నాకు కనిపించదు.

పదిహేనో సెక్షన్ అంచనాలో నిపుణుల సాయం తీసుకోవడం ఐచ్ఛికమా, తప్పనిసరా అన్న తగువు గురుగ్రామ్ పాఠశాల విద్యార్థి హత్య కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బోర్డు సభ్యుల్లో పిల్లల మనస్తత్వ శాస్త్రంలోనో మానసిక వైద్యంలోనో పట్టా ఉన్నవారు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనని 2022 జులైలో కోర్టు చెప్పింది. ఏ తెలివి పరీక్షో పెట్టి ఇంత స్కోరు వచ్చింది కాబట్టి మేజరే అనడం కుదరదని కూడా ఆ తీర్పు అర్థం. తీర్పు మంచిదే, దాన్ని అమలు చేసే నిపుణులు జిల్లాల్లో ఎందరున్నారు? సికింద్రాబాద్‌కు ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ, మనోవికాస్ నగర్‌లోనే ఉంది. నేరాల్లో చిక్కుకున్న పిల్లల్లో మేధోవైకల్యం, చదవడం రాయడంలో ఇబ్బందులు, ఏడీహెచ్‌డీ సాధారణ పిల్లల్లో కంటే ఎక్కువగా ఉంటాయని అనేక దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, నిలోఫర్ ఆసుపత్రి కూడా ఈ జంటనగరాల్లోనే ఉన్నాయి. సైదాబాద్‌లోని బోర్డుకూ హోంకూ ఈ సంస్థల నిపుణులను వారానికి నిర్ణీత రోజుల్లో పంపే శాశ్వత ఏర్పాటు ఉంటే, కాగితం మీది అంచనా మనిషిని చూసి చేసే అంచనా అవుతుంది. మిగతా జిల్లాలకు ఇక్కడి నుంచే వీడియో ద్వారానైనా సాయం అందించవచ్చు.

ఈ విషయంలో జపాన్ నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. 1997లో కోబేలో పద్నాలుగేళ్ల బాలుడు చేసిన హత్యలు ఆ దేశాన్ని కుదిపేశాయి. 2000లో చట్టం మార్చి, మేజర్ శిక్ష పడగల కనీస వయసును పదహారు నుంచి పద్నాలుగుకు దించారు. అంతవరకే చెబితే కఠినత్వం కోరేవారికి అది అనుకూల ఉదాహరణ. కానీ జపాన్‌లో తీవ్ర కేసుల్లో మైనర్‌ను తీర్పుకు ముందు ప్రత్యేక వర్గీకరణ కేంద్రంలో సాధారణంగా నాలుగు వారాల దాకా ఉంచి, మనస్తత్వ నిపుణులు రోజూ గమనించి నివేదిక రాస్తారు. కుటుంబ న్యాయస్థానానికి సొంతంగా మనస్తత్వ, సామాజిక శాస్త్రాల్లో శిక్షణ పొందిన విచారణాధికారులుంటారు. కఠినత్వాన్ని అరువు తెచ్చుకోవాలనుకునేవారు ఈ కేంద్రాలనూ తెచ్చుకోవాలి.

అమెరికా 1990లలో ‘సూపర్ ప్రిడేటర్లు’ వస్తున్నారన్న భయంతో దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ మైనర్లను పెద్దల కోర్టులకు పంపడం సులువు చేసింది. ఆ భయం నిజం కాలేదు. ఆ దశాబ్దం చివరికి పిల్లల నేరాలు బాగా తగ్గాయి. పెద్దల కోర్టులకు పంపిన పిల్లలు, జువెనైల్ వ్యవస్థలోనే ఉన్న అలాంటి పిల్లల కంటే ఎక్కువగా మళ్లీ హింసకు పాల్పడ్డారని 2007లో అక్కడి నిపుణుల బృందం అధ్యయనాలన్నీ పరిశీలించి తేల్చింది. న్యూయార్క్ రాష్ట్రం 2017లో చట్టం చేసి, పెద్దల కోర్టుకు పంపే వయసును పద్దెనిమిదికి పెంచింది. ఇంగ్లండ్‌లో 1993లో రెండేళ్ల పసివాడిని చంపిన పదేళ్ల పిల్లలిద్దరినీ పెద్దల తరహా కోర్టులో నిలబెట్టారు. ఎనిమిదేళ్ల తర్వాత కొత్త పేర్లతో విడుదల చేశారు. వారిలో ఒకరు తర్వాత మళ్లీ నేరాలకు జైలుకెళ్లారు. సంస్కరణ అందరి విషయంలోనూ ఫలిస్తుందని చెప్పడానికి లేదు, ఆ నిజాన్ని దాచకూడదు.

బాధితుల వైపు నుంచి వచ్చే వాదనను నేను తేలిగ్గా తీసుకోను. పద్నాలుగేళ్లవాడు హత్య చేస్తే మూడేళ్లలో బయటికొస్తాడు. పదిహేడేళ్లవాడు చేస్తే మేజర్‌గా మారి యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. మధ్యలో ఏమీ లేదు. ఈ రెండు కొసల వల్లే బోర్డు మీద విపరీతమైన ఒత్తిడి పడుతోంది: మూడేళ్లు చాలవనిపిస్తే మేజర్ తరహా విచారణకు నెట్టేయడం ఒక్కటే దారి. జర్మనీలో పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల వారికి మేజర్ విచారణ అనేదే లేదు. యువజన శిక్ష మామూలుగా అయిదేళ్ల దాకా, అతి తీవ్రమైన నేరాలకు పదేళ్ల దాకా ఉంటుంది, అంతా యువజన కోర్టు కిందే, చదువూ చికిత్సల మధ్యే. పద్దెనిమిది నుంచి ఇరవై ఏళ్ల వారికి సైతం ఎదుగుదల చూసి అదే చట్టం వర్తింపజేస్తారు. నెదర్లాండ్స్ 2014 నుంచి ఇరవై మూడేళ్ల లోపువారికి ఈ అవకాశం ఇచ్చింది. మన పదిహేనో సెక్షన్‌ను రద్దుచేసి, హత్య, అత్యాచారం వంటి కొద్ది నేరాలకు బోర్డు పరిధిలోనే మూడేళ్లకు మించిన, ఏటా సమీక్షించే, చికిత్సతో కూడిన నిర్బంధాన్ని అనుమతించడం మేలని నా అభిప్రాయం. పిల్లల హక్కుల సంస్థలకు ఇది నచ్చకపోవచ్చు. బాధితుల కుటుంబాలకు న్యాయం జరిగిందనిపించని వ్యవస్థ ఎక్కువకాలం నిలవదు, మరో ఘోరం జరగ్గానే దాన్ని ఇంకా కఠినంగా మార్చేస్తారు.

కనీసం ఏడేళ్ల శిక్ష పడే నేరాలకు చట్టం వేసే ‘ఘోర నేరం’ అన్న పట్టీ ఎవరికి పడుతోందో కూడా చూడాలి. 2019 సవరణ తర్వాత పోక్సో చట్టంలో చొరబాటుతో కూడిన లైంగిక దాడికి కనీస శిక్ష పదేళ్లు, బాధితులకు పదహారు లోపుంటే ఇరవై. అంటే ఇష్టపడి ఇల్లు విడిచి వెళ్లిన పదిహేడేళ్ల జంటలో అబ్బాయి మీద అమ్మాయి తండ్రి ఫిర్యాదు చేస్తే, ఆ అబ్బాయి కూడా సామూహిక అత్యాచార నిందితుడి వరసలోనే పదిహేనో సెక్షన్ కిందికి వస్తాడు. ప్రేమ కేసులనూ దాడులనూ ఒకే గంపలో వేసి తీసిన గణాంకాలతో పిల్లలు క్రూరులైపోతున్నారని నిర్ధారణకు రావడం అన్యాయం.

ఇక పిల్లల వెనకున్న పెద్దల మాట. పిల్లలను నేరాలకు వాడుకునే పెద్దలకు ఏడేళ్ల దాకా కఠిన జైలు, అయిదు లక్షల జరిమానా అని జువెనైల్ జస్టిస్ చట్టం ఎనభై మూడో సెక్షన్ చెబుతోంది. మత్తు పదార్థాల రవాణాకు పిల్లలను వాడితే డెబ్బై ఎనిమిదో సెక్షన్ ఉంది. గంజాయి పొట్లంతో మైనర్ పట్టుబడ్డాడన్న వార్త తరచూ చదువుతాం. ఆ పొట్లం చేతికిచ్చినవాడి మీద ఈ సెక్షన్లు పెట్టారన్న వార్త ఎప్పుడో గానీ కనిపించదు. దొంగ ఫోన్లు కొనే దుకాణం, సొల్యూషన్ ట్యూబులు పిల్లలకు అమ్మే కొట్టు, ఇవి మూతపడితే స్టేషన్ చుట్టూ జరిగే చిల్లర నేరాల్లో చాలావాటికి లాభం పోతుంది.

2023 అక్టోబర్ నాటికి దేశంలోని జువెనైల్ బోర్డుల ముందున్న కేసుల్లో సగానికి పైగా పెండింగ్‌లో ఉన్నాయని, నాలుగింట ఒక బోర్డు పూర్తి బెంచి లేకుండానే నడుస్తోందని ఇండియా జస్టిస్ రిపోర్ట్ అధ్యయనం చెప్పింది. నాలుగు నెలల్లో తేలాల్సిన విచారణ ఏళ్లకు సాగితే, పదిహేడేళ్లప్పుడు చేసిన తప్పుకు ఇరవై రెండేళ్లవాడు బోర్డు ముందు నిలబడతాడు. ఈలోగా అతనికి ఉద్యోగం వచ్చినా పోలీసు వెరిఫికేషన్‌లో ఆ కేసు బయటపడుతుంది, ఇరవై నాలుగో సెక్షన్ ప్రకారం అది అతని భవిష్యత్తుకు అడ్డు కాకూడదని ఉన్నా. హోం నుంచి బయటికొచ్చిన పిల్లలకు ఇరవై ఒకటి, అవసరమైతే ఇరవై మూడేళ్ల దాకా ఆసరా ఇవ్వాలని నలభై ఆరో సెక్షన్, 2016 నిబంధనలు కలిపి చెబుతున్నాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు తమ హోంల నుంచి ఏటా ఎందరు బయటికెళ్లారు, వారిలో ఎందరికి ఈ ఆసరా దక్కింది, ఎందరు మళ్లీ పట్టుబడ్డారు అన్న మూడు లెక్కలను పేర్లు బయటపెట్టకుండా ఏటా శాసనసభ ముందుంచాలి. ప్రొబేషన్ అధికారుల ఖాళీలు ఎన్ని నింపారో కూడా ఆ పట్టికలోనే చేర్చాలి.